కార్డుపెట్టె ఎవరి దగ్గరుండాలి
(కాళీపట్నం రామారావు స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



కారా మాస్టారి జ్ఞాపకంగా మాట్లాడమంటే కథ గురించి మాట్లాడతాడని అనుకుని వచ్చి ఉంటారు. నేను కథకుణ్ణి కాదు, విమర్శకుణ్ణీ కాదు. విజయనగరం జిల్లాలో కంప్యూటరు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసిన పని వెతకడం ఒక్కటే. యంత్రం చేత ఎలా వెతికించాలో పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. మాస్టారు యంత్రం లేకుండా వెతికారు. ఈ రెండు పనులకీ ఉన్న చుట్టరికం గురించి ఈ పూట మాట్లాడతాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి. మా పెదనాన్న గజపతినగరం దగ్గర పల్లెలో బడిపంతులు. కుర్రతనంలో ఆయన కథ ఒకటి అచ్చయిందని ఇంట్లో అనుకునేవారు. ఆయన పోయాక ఆ కథ చూడాలని బుద్ధి పుట్టింది. ఆయన కూతురు, మా అక్కనడిగితే చెప్పిన ఆనవాళ్ళు మూడు: పేరులో కుంచం ఉంది, దీపావళి సంచిక, పక్కన ఎద్దుబండి బొమ్మ. ఏ పత్రికో తెలీదు, ఏ ఏడాదో తెలీదు. పేరుమోసిన సెర్చింజన్ ఒకదాంట్లో ‘కుంచం కథ’ అని కొట్టాను. కుంచె అనుకుందో ఏమో, రంగులు, బ్రష్షులు అమ్మే దుకాణాలు చూపించింది. ఏభై ఏళ్ళు వడ్లు కొలిచిన ఇంటివాణ్ణి, నాకు కుంచె అమ్మబోయింది.

ఆ తర్వాత మనుషుల్ని అడగడం మొదలెట్టాను. బొబ్బిలిలో ఒక మిత్రుడు సాలూరులో రిటైరైన పోస్టుమాస్టరు దగ్గర వారపత్రికల బైండు వాల్యూములున్నాయన్నాడు. పోస్టుమాస్టరుగారు అన్నీ చూపించి, ‘దీపావళి సంచికలు నా దగ్గర ఆగవు బాబూ, చుట్టాలు పట్టుకుపోతారు. పార్వతీపురంలో కాంపౌండరుగారింటికి ఎల్లు’ అన్నారు. పార్వతీపురంలో దొరికింది. విషయసూచిక పేజీ చిరిగిపోయి ఉంది. లోపల ఎద్దుబండి బొమ్మ ఉంది, కుంచం ఉంది. కింద రచయిత పేరు మాత్రం మా పెద్దమ్మది. ఫోను చేసి చెప్తే అక్క నవ్వి, ‘అవునొరే, అమ్మ పేరుతో రాసీవోడు. సెప్పనేదా?’ అంది.

మూడు నెలలు పట్టింది. ఆ కథని పెదనాన్నతో కలిపే ముడి ఈ లోకంలో ఒక్క చోటే ఉంది, మా అక్క బుర్రలో. అది ఏ యంత్రానికీ అందదు. అలాగని మా అక్క ఒక్కర్తీ ఉంటే చాలదు, ఆవిడ దగ్గర పత్రిక లేదు. పత్రిక ఒకచోట, ఆనవాలు ఒకచోట, పేరు ఒకచోట. వెతకడం అనే పనికి ఉన్న కష్టమంతా ఈ మూడూ ఒకచోట లేకపోవడంలోనే ఉంది.

మాస్టారు 1924 నవంబరు 9న మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో సెయింట్ ఆంథోనీ స్కూల్లో పాఠాలు చెప్పారు. ‘యజ్ఞం’ రాశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇవన్నీ మీకు తెలుసు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళం విశాఖ ఎ కాలనీలో కథానిలయం తెరిచారు. అదీ తెలుసు. దాన్ని అందరూ గ్రంథాలయం అంటారు. నాకు మాత్రం అది మొదట సెర్చింజన్, తర్వాతే గ్రంథాలయం. తెలుగులో అచ్చయిన ప్రతి కథకీ లెక్క ఉండాలన్నారు. మంచి కథ, చెడ్డ కథ అనలేదు. కథ పేరు, రాసినవారి పేరు, పత్రిక, సంచిక తేదీ, ఈ వివరాలు ఉంటే చాలు, కథ దొరుకుతుంది. కథ చేతికి రాకపోయినా ‘ఇలాంటిదొకటి ఉంది’ అని తెలిస్తే సగం దొరికినట్టే. అందుకోసం ఉత్తరాలు రాశారు, ఊళ్ళు తిరిగారు, అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగారు. సెర్చింజన్ వాళ్ళు ఈ పనిని క్రాలింగ్ అంటారు. వాళ్ళ ప్రోగ్రాం ఒక పేజీలోంచి ఇంకో పేజీకి లింకు పట్టుకు పాకుతుంది. మాస్టారు ఒక రచయిత నుంచి ఇంకో రచయితకి పోస్టుకార్డు పట్టుకు వెళ్ళారు.

ఆ రోజుల్లోనే సముద్రాలకవతల కూడా ఇదే గొడవ నడుస్తోంది. ఇంటర్నెట్టులో మొదటి సెర్చ్ సాధనం ఆర్కీ. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ చేశాడు. ఎక్కడెక్కడి కంప్యూటర్లలో ఏ ఫైళ్ళున్నాయో పేర్లు రాసిపెట్టే పట్టిక అది, ఇంకేం కాదు. 1994లో యాహూ వచ్చింది. మనుషులే కూర్చుని సైట్లని అరల్లో సర్దేవారు. కథానిలయం తెరిచిన మరుసటి ఏడు, 1998లో, గూగుల్ పుట్టింది. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చేసిన కొత్త పని వరస పెట్టడం. ఒక పేజీకి ఎన్ని పేజీలు దారి చూపిస్తున్నాయో, ఆ చూపించేవాటికి ఎంత పరపతి ఉందో లెక్కగట్టి ముందు ఏది, వెనక ఏది అని తేల్చారు. పరిశోధన పత్రాల్లో ఎవరు ఎవర్ని ఉదహరించారో లెక్కపెట్టే పాత పద్ధతి ఇది. ఆ ఏడాది వాళ్ళిద్దరూ అచ్చేసిన పత్రంలో ఇంకో మాట కూడా ఉంది: ప్రకటనల డబ్బుతో బతికే సెర్చింజన్ చూసేవాడి వైపు కాక, ప్రకటన ఇచ్చేవాడి వైపు మొగ్గుతుందని. పెళ్ళికి ముందు కుర్రాళ్ళు కట్నం గురించి ఇలాగే మాట్లాడతారు.

వరస పెట్టడంలో ఎంత ఉందో మన ఇంటి ఉదాహరణతోనే చెప్తాను. తెలుగులో తొలి కథ ఏది? గురజాడ ‘దిద్దుబాటు’. 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. విజయనగరం వాణ్ణి, ఆ జవాబు చెప్పడం నాకు ఇష్టమే. పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది. పరీక్షలో అదే రాస్తే మార్కు. ఎక్కువమంది చెప్పే జవాబు కాబట్టి లింకులు లెక్కపెట్టే యంత్రం కూడా దాన్నే పైన పెడుతుంది. అయితే భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’లో వచ్చింది. అంతకు ముందూ కథలున్నాయి. గురజాడకి ముందు వచ్చిన కథల్ని వివిన మూర్తి వెతికి పోగేసి ‘దిద్దుబాటలు’ అని పుస్తకం తెచ్చారు. అది ఎలా సాధ్యమైంది? పాత పత్రికలు దొరికాయి, తేదీ వరసన పేర్చారు. తేదీ వరసకి ఎవరి పరపతీ పట్టదు, 1902 ఎప్పుడూ 1910కి ముందే వస్తుంది. అచ్చమాంబది ముందని తేలినంత మాత్రాన గురజాడ గొప్పతనం వీసమెత్తు తగ్గలేదు. ఎవరు గొప్ప అన్నది పాఠకులు తేల్చుకుంటారు, వివరాలు రాసిన కార్డులుంచే కార్డుపెట్టెకి ఆ పని వద్దు.

ఇక యంత్రానికి మన భాషతో ఉన్న తంటాలు చూడండి. ‘ఇల్లు’ అని వెతికితే ఇంటి, ఇంట్లో, ఇళ్ళు, ఇళ్లు, ఇండ్లు అన్నీ రావాలి. ళకి ళ ఒత్తు ఇచ్చామా ల ఒత్తు ఇచ్చామా అన్న తేడాకే చాలాచోట్ల వేరే మాట అయి కూర్చుంటుంది. పోనీ, విభక్తులూ సంధులూ విడగొట్టే ప్రోగ్రాములు రాసుకోవచ్చు, రాశారు కూడా. ఐఐటీ బొంబాయి ముందుండి నడిపించగా కొన్ని విద్యాసంస్థలు కలిసి ‘సంధాన్’ అని తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలకి పర్యాటక సమాచారం వెతికే యంత్రం చేశాయి. బుద్ధిగా చేసిన పని. జనం దగ్గరికి మాత్రం రాలేదు.

వ్యాకరణం కన్నా కష్టమైనది ఇంకొకటుంది. శ్రీకాకుళం కథలో ‘కంబారి’ ఉంటాడు. కోస్తాలో అతన్నే పాలేరు అంటారు, తెలంగాణలో జీతగాడు అంటారు. కంబారి మీద వచ్చిన కథలు కావాలని ఒక పరిశోధక విద్యార్థిని ‘పాలేరు’ అని వెతికిందనుకోండి, ఖమ్మం జిల్లా పాలేరు రిజర్వాయరు వస్తుంది, ఎమ్మెల్యేగారు వస్తారు. కంబారి రాడు. ‘ఏటి’ అంటే మనకి ‘ఏమిటి’, పుస్తకాల భాషలో ‘ఏరు యొక్క’. ‘విజయనగరం రాజులు’ అంటే మనకి పూసపాటివారు, లోకానికి కృష్ణదేవరాయలు. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్ళు చికాకోల్ అని రాశారు, పల్లెల్లో సిక్కోలంటారు. ఊరొకటే, మూడు పేర్లతో మూడు కుప్పల కాగితాలు. ఇక మన రచయితలు: చాసో, రావిశాస్త్రి, కారా, భరాగో. అందరివీ పొట్టి పేర్లే. చాగంటి సోమయాజులు, చాసో ఒక్కరేనని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రాసి ఉంచకపోతే యంత్రానికి వాళ్ళిద్దరు మనుషులు.

ఇదంతా తెలిసినవాళ్ళు ఎక్కడున్నారు? ఇక్కడే. వాళ్ళకి తెలిసింది యంత్రంలోకి ఎక్కించే దారి మాత్రం ఇక్కడ లేదు. పెద్ద సెర్చింజన్ని కేంద్రీకృతం అంటున్నామంటే నా లెక్కలో అర్థం అది. యంత్రాలు ఎక్కడున్నాయన్నది కాదు ప్రశ్న. ఆమాటకొస్తే గూగుల్ వాడి సూచిక వేలాది కంప్యూటర్ల మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంటుంది. అలాంటి యంత్రాలు మన పక్కూరికే వస్తున్నాయి. విశాఖపట్నంలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరు 14న ప్రకటించారు. మంచిదే, నలుగురికి పని దొరుకుతుంది. కానీ ఆ గోడ పక్కన నిలబడి ‘బాబూ, కంబారి అంటే పాలేరే’ అని ఎంత అరిచినా లోపల రాసుకునేవాడు ఎవడూ ఉండడు.

ఈ బాధ మనకొక్కళ్ళకే కాదు. వాషింగ్టన్‌లో అమిత్ మెహతా అనే జడ్జి 2024 ఆగస్టులో గూగుల్ సెర్చిలో గుత్తాధిపత్యం చట్టవిరుద్ధంగా నిలుపుకుందని తీర్పిచ్చారు. 2025 సెప్టెంబరులో, సూచికలో కొంత భాగం పోటీదారులకి ఇవ్వాలన్నారు. నాకు ఆ రెండో తీర్పు ఆసక్తిగా అనిపించింది. బ్రౌజర్ అమ్మెయ్యమని అడిగితే జడ్జి ఒప్పుకోలేదు, కార్డుపెట్టె మాత్రం కొంత తెరవమన్నారు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2018లోనే ఫలితాల్లో పక్షపాతం చూపించిందని ఆ కంపెనీకి 135.86 కోట్ల జరిమానా వేసింది. జరిమానా వేస్తే ఫలితాల వరస మారుతుందా అన్నది వేరే సంగతి.

మరి రెండో దారి లేదా? ఉంది. చాలామంది నడిచారు, చాలామంది మధ్యలో కూలబడ్డారు. ఎందుకు కూలబడ్డారో తెలుసుకోకుండా వికేంద్రీకరణ మంచిదని సభల్లో చెప్పడం నాకు ఇష్టం లేదు.

మన ఊళ్ళో ఒక విషయం తెలుసుకోవడానికి పూర్వం మూడు దారులుండేవి. ఒకటి దండోరా: తప్పిపోయిన దూడ ఎవరికైనా కనిపించిందా అని ఊరంతా డప్పు కొట్టించడం. 2000లో వచ్చిన న్యుటెల్లా అనే ఫైళ్ళు పంచుకునే నెట్‌వర్కు అలాగే పనిచేసింది. నీ ప్రశ్న పక్కవాడికి, వాడు తన పక్కవాడికి, అలా లోకమంతా చాటడం. పదిమంది ఉంటే బాగుంటుంది. పది లక్షలమంది పది లక్షల దూడల కోసం ఒకేసారి డప్పు కొడితే ఎవడి దూడా దొరకదు. రెండోది కరణం దస్త్రం. అన్నీ ఒకే చోట, వెంటనే జవాబు, కాకపోతే కరణంగారి దయ. మూడోది పార్వతీపురం దాకా నన్ను నడిపించిన దారి, ‘నాకు తెలీదు గానీ ఫలానా ఆయన్నడుగు’ అనేది. వికేంద్రీకృత సెర్చింజన్లు ఈ మూడో దారినే గణితంగా మార్చాయి.

ఎలాగో చూపిస్తాను. లోకంలోని మాటలన్నీ ఊళ్ళకి పంచామనుకోండి. ‘క’తో మొదలయ్యే మాటల జాబితాలన్నీ బొబ్బిలి కంప్యూటరులో, ‘వ’తో మొదలయ్యేవి పలాసలో. ‘కరువు’ అని అడిగితే నేరుగా బొబ్బిలి వెళ్తే చాలు, దండోరా అక్కర్లేదు. బాగుంది. ఇప్పుడు ‘కరువు వలస’ అని రెండు మాటలు అడిగారు. ‘కరువు’ ఉన్న పేజీల జాబితా బొబ్బిలిలో ఉంది, నలభై లక్షల వరసలనుకుందాం. ‘వలస’ జాబితా పలాసలో ఉంది, ఇంకో ముప్పై లక్షలు. రెండింట్లోనూ ఉన్న పేజీలేవో తేలాలంటే ఒక జాబితా మొత్తం రెండో ఊరికి మోసుకెళ్ళాలి. ఒక్క మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకి ఇంత బరువు. గూగుల్ వాడికి ఈ బాధ లేదు. వాడు మాటల్ని కాక పేజీల్ని పంచుకున్నాడు, పైగా వాడి బొబ్బిలీ పలాసా ఒకే హాల్లో పక్కపక్క బీరువాలు. మన మధ్య వంశధార, నాగావళి ఉన్నాయి.

బరువు ఒకటే కాదు. నమ్మకం కూడా. బొబ్బిలి కంప్యూటరు వాడు తన బావమరిది దుకాణాన్ని అన్ని జాబితాల్లోనూ ఎక్కించేస్తే? పట్టుకునేదెవరు? జర్మనీలో మైఖేల్ క్రిస్టెన్ 2003 నుంచి యాసీ అనే వికేంద్రీకృత సెర్చింజన్ నడుపుతున్నాడు. ఎవరి కంప్యూటరులో వాళ్ళు పెట్టుకుని అందరూ కలిసి వెతికేది. దాన్ని నా దగ్గర పెట్టుకుని చూశాను. లోకాన్ని వెతకడానికి పనికిరాలేదు, నా దగ్గరున్న పాత కాగితాలు వెతుక్కోవడానికి మాత్రం హాయిగా పనికొచ్చింది. వికీపీడియా పెట్టిన జిమ్మీ వేల్స్ 2008లో జనం చేతే వరసలు పెట్టించే సెర్చింజన్ మొదలెట్టి మరుసటేడు మూసేశాడు. స్వచ్ఛంద కార్యకర్తలు సర్దిన పెద్ద సైట్ల పట్టిక, డీమాజ్, 2017లో ఆగిపోయింది. ఐరోపాలో 2022 నుంచి కొన్ని విశ్వవిద్యాలయాలూ సంస్థలూ కలిసి అందరికీ తెరిచి ఉండే వెబ్ సూచిక కడుతున్నాయి. వాళ్ళు సెర్చింజన్ జోలికి పోకుండా సూచిక వరకే చేసి, దాని మీద ఎవడి సెర్చింజన్ వాడు కట్టుకోండి అంటున్నారు. ఇప్పటిదాకా విన్నవాటిలో నాకు తెలివైన మాట అదే.

తెలుగువాళ్ళం కూడా ఏమీ చెయ్యకుండా కూర్చోలేదు. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రిక సైటుకి ఒక్కో ఫాంటు ఉండేది, లోపలున్నది తెలుగని యంత్రానికి తెలిసేదే కాదు. వెన్న నాగార్జున ఆ ఫాంటుల్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ చేశాడు. తెలుగు వికీపీడియాకి 2003లో శ్రీకారం చుట్టిందీ ఆయనే. వీవెన్ ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగయ్యే ‘లేఖిని’ చేశాడు, తెలుగు బ్లాగులన్నిటికీ ‘కూడలి’ చేశాడు. ఎవడి బ్లాగు వాడిది, కూడలిలో మాత్రం అన్నీ కనపడేవి. జల్లెడ, హారం, మాలిక అని ఇంకా వచ్చాయి. ఒక కూడలి పనిచెయ్యకపోతే ఇంకోటి. అందరూ ఫేస్‌బుక్కుకి తరలిపోయాక ఆ సందడి పోయింది. ఇప్పుడు పదేళ్ళ కిందటి మంచి వ్యాసం ఒకటి ఫేస్‌బుక్కులో వెతికి తెమ్మనండి, చూద్దాం. రాసినవాడికే దొరకదు.

ఇక పెద్ద కేంద్రాల మీద ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చెప్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు, కంప్యూటరు రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్నవారు, పది లక్షల పుస్తకాలు స్కాన్ చెయ్యాలని సంకల్పించారు. అందులోంచి వచ్చినదే మన డీఎల్ఐ. వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. వాటి పేర్లు ఎక్కించినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. ఒకే ‘ఆంధ్ర’ ఒకచోట ఒక ‘a’తో, ఇంకోచోట రెండు ‘a’లతో, మరోచోట మధ్యలో కొటేషను గుర్తుతో. రచయిత గడిలో ప్రచురణకర్త, ఏడాది గడిలో సున్నా. పుస్తకం లోపల ఉంది, స్కాను ఉంది, కాని దొరకదు. దొరకని పుస్తకానికీ చెదలు పట్టిన పుస్తకానికీ తేడా ఏముంది? కొన్నాళ్ళకి ఆ సైట్లే మూతపడ్డాయి. అదృష్టం కొద్దీ ఎవరో ముందుచూపుతో అన్నీ అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు కాబట్టి బతికాయి. తెలుగు వికీపీడియా కార్యకర్తలు కూర్చుని ఆ పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో పట్టికలుగా రాశారు. స్కానింగుకి యంత్రాలు, గ్రాంటులు, కార్యాలయాలు కావలసి వచ్చాయి. దొరికేటట్టు చేసింది మాత్రం జీతం లేని ఆ కొద్దిమందే.

కథానిలయానికి మనసు ఫౌండేషన్ తోడయి, కథలు స్కానయి, వెబ్‌సైటు వచ్చింది. రచయిత పేరు పట్టుకునో కథ పేరు పట్టుకునో వెతకొచ్చు. అమెరికాలో ఉన్న మనవడు అర్ధరాత్రి తాతగారి కథ చదువుకోగలడు. మాస్టారు 2021 జూన్ 4న పోయారు, పెట్టె తెరిచే ఉంది.

ఇక్కడ మీలో ఎవరైనా అడగాలి: కథానిలయం కూడా కేంద్రీకరణే కదా మాష్టారూ, ఉన్నవన్నీ ఒక ఊళ్ళో ఒక ఇంట్లో పెట్టడమే కదా అని. నిజమే. అసలు కేంద్రం అంటే నాకు పడదని అనుకోకండి. ఒక మనిషి ఒకచోట కూర్చుని ఇది నా పని అనుకోకపోతే ఏ సూచికా పుట్టదు. పదిమంది పనిగా మొదలైనవి ఎన్ని ఆరో నెలలో ఆగిపోయాయో నేనూ చూశాను, కొన్నిట్లో నేనూ ఉన్నాను. కేంద్రం కావాలి. అది అక్కడే, ఒక్కటే, ఎప్పటికీ ఉండాలనడం దగ్గర నాకు పేచీ.

ఉద్దానం వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ సెల్ టవర్లూ పడిపోయాయి. అంతకు నాలుగేళ్ళ కిందట హుద్‌హుద్ విశాఖని పట్టుకుంది. ఈ తీరాన ఒక్క ఇంట్లో ఒక్క ప్రతి ఉంచడమంటే అక్టోబరు నెలతో పందెం కట్టడమే. దూరాన ఎక్కడో క్లౌడులో ఉంది కదా అంటారా, టవరు పడ్డాక ఆ క్లౌడుని అందుకునేదెలా?

నేను ఒక లెక్క వేశాను. స్కానులు పక్కన పెట్టండి, అవి బరువు. కార్డులు మాత్రమే లెక్కపెడదాం. లక్ష కథలు. ఒక్కో కార్డుకి కథ పేరు, రచయిత అసలు పేరు, కలం పేరు, పత్రిక, తేదీ, ఎవరి దగ్గరుందో ఒక మాట. తెలుగు అక్షరాలకి చోటు ఎక్కువ కావాలి కాబట్టి కార్డుకి వెయ్యి బైట్లు ఇద్దాం. లక్ష కార్డులకి వంద మెగాబైట్లు. మీ మేనల్లుడి పెళ్ళి వీడియోలో తలంబ్రాల ముక్క ఇంతకన్నా పెద్దది. లోకమంతటినీ వెతకాలనుకున్నవాళ్ళకి సూచిక ముక్కలు చెయ్యాల్సి వచ్చింది, ముక్కలు చేశారు కాబట్టి బొబ్బిలికీ పలాసకీ మధ్య మోతబరువు వచ్చింది. మనది లోకం కాదు. మన సూచిక మొత్తం ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ, ప్రతి కాలేజీలోనూ, కావాలంటే ప్రతి ఫోనులోనూ పట్టేస్తుంది. ముక్కలు చెయ్యనక్కర్లేదు, ప్రతులు తీస్తే చాలు. నెలకోసారి ఒకరి కొత్త కార్డులు ఒకరు తీసుకుంటారు. శ్రీకాకుళంలో కరెంటు పోతే విజయనగరంలో వెతుకుతారు. టవరు పడినా ఫోనులో ఉన్నది ఉంటుంది.

దీనికి అందరూ ఒప్పుకోవలసింది ఒకే ఒక్కటి, కార్డు రాసే పద్ధతి. ఏ గడిలో ఏం రాయాలి, తేదీ ఎలా రాయాలి, పేర్లు ఏ లిపిలో రాయాలి. తెలుగు లిపిలో, అచ్చయినది అచ్చయినట్టు. అంతవరకు ఒకే మాట మీద ఉండాలి. తక్కినవాటిలో ఎవరి ఊరి వాళ్ళు వాళ్ళ ఊరి మాటలు చేర్చుకోవాలి. కంబారి పక్కన పాలేరు, జీతగాడు రాసే చోటు ఉండాలి. చాసో పక్కన చాగంటి సోమయాజులు ఉండాలి. నా పెద్దమ్మ పేరు పక్కన మా పెదనాన్న పేరు ఉండాలి, ‘ఈ మాట చెప్పినది కూతురు’ అనీ ఉండాలి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచాలి, కొట్టెయ్యకూడదు. కొట్టేసే అధికారం ఒక్కడికి ఇచ్చామా, మళ్ళీ కరణం దస్త్రమే.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో కూర్చుని సవర మాటలు ఏళ్ళ తరబడి రాసుకున్నారు. 1938లో సవర నిఘంటువు అచ్చయింది. ఆయన కాలంలో సవర మాటలకి బజారులో గిరాకీ లేదు, ఈనాటికీ ఏ సెర్చింజనుకీ అవి అక్కర్లేదు. సీతంపేట కొండల్లో ఆ భాషే మాట్లాడుకుంటున్న ఇళ్ళున్నాయి. తెలుగు కథకి మనం చేసుకునే కార్డుపెట్టెలోనే సవర కథకి, జాతాపు పాటకి ఒక అర ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇప్పుడే ఉంచాలి, పెట్టె నిండాక అర పెట్టమంటే వడ్రంగి ఒప్పుకోడు.

చాలా సేపు మాట్లాడాను. మీ కుర్చీల మీద ఒక్కో అట్టముక్క పెట్టించాను, కొంతమంది దాంతోనే విసురుకుంటున్నారు, పర్వాలేదు. దాని మీద అయిదు గీతలున్నాయి. మీ ఇంట్లోనో మీకు తెలిసినవారింట్లోనో ఉన్న పాత పత్రిక ఒకటి గుర్తు చేసుకోండి. పత్రిక పేరు, సంచిక, అందులో గుర్తున్న కథ, రాసినవారు, ఇప్పుడది ఎవరింట్లో ఉంది. అయిదూ తెలియకపోతే తెలిసినంతవరకే రాయండి, తెలియని గీత ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఇంటి పెద్దాయన పాతకాగితాలవాడికి అమ్మేసే లోపల ఒకసారి నాకు కబురు చెయ్యమని కూడా చెప్పండి. అట్టలు గుమ్మం దగ్గర మా అక్కకి ఇచ్చి వెళ్ళండి. పెన్నులు కూడా ఆవిడ దగ్గరే ఉన్నాయి.